దర్శినిలో దోసె అందరికీ ఒకే సైజు: పొట్టివాళ్ళ క్యాలరీ లెక్క ఎక్కడ తేడా కొడుతుంది

బెంగళూరు సర్జాపుర రోడ్డు మీద మా అపార్ట్‌మెంట్లో తెలుగువాళ్ళం ఓ పదిహేను కుటుంబాలం ఉంటాం. సాయంత్రం పిల్లల్ని కింద ఆడించేటప్పుడు మాటలు ఎక్కడ మొదలైనా చివరికి బరువు దగ్గరికే చేరతాయి, 2025లో బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ మన దేశానికి వచ్చినప్పటి నుంచి మరీను. మొన్న మా పై ఫ్లోర్ నెల్లూరు అక్క ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. "చూడమ్మాయ్, ఈ యాప్ నన్ను రోజుకి 1200 క్యాలరీలు తినమంటోంది. మా ఆడపడుచుదీ అదే యాప్, దానికీ 1200 అంటోంది. అది నాకంటే జానెడు పొడుగు. ఇద్దరికీ ఒకటే లెక్క ఎట్టా అవుద్ది?"

ఎట్టా అవుద్దో నేను కూడా చాలా రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నదాన్నే. నా ఎత్తు 148 సెంటీమీటర్లు, అంటే నాలుగడుగుల పది అంగుళాలు. మన దేశంలో ఆడవాళ్ళ సగటు ఎత్తే 152 దగ్గర ఉంది కాబట్టి నాలాంటివాళ్ళం తక్కువేమీ లేము, కానీ డైట్ చార్టులు, జిమ్ సలహాలు, హోటల్లో ప్లేటు సైజు, ఇవేవీ మమ్మల్ని చూసి తయారు చేసినవి కావు. అక్కడే చిక్కు.

ఏమీ చేయకపోయినా అయ్యే ఖర్చు

మనం మామూలుగా క్యాలరీ అనేది నిజానికి కిలోక్యాలరీ, లీటరు నీళ్ళని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి పట్టే శక్తి. రోజంతా మంచం మీద కదలకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం, కిడ్నీలు పని చేయాలి కదా, ఆ ఖర్చుని బీఎంఆర్ అంటారు. ఇంటి అద్దె లాంటిది, ఊళ్ళో ఉన్నా లేకపోయినా కట్టాల్సిందే. దాని మీద నడక, వంట, మెట్లు, తిన్నది అరిగించుకోవడం, వ్యాయామం, ఇవన్నీ అదనం.

బీఎంఆర్‌ని అంచనా వేయడానికి యాప్‌లు ఎక్కువగా వాడేది మిఫ్లిన్-సెయింట్ జోర్ సూత్రం, 1990లో వచ్చింది. ఆడవాళ్ళకైతే బరువు కిలోల్లో తీసుకుని 10తో, ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని 6.25తో గుణించి రెండూ కలపాలి, అందులోంచి వయసుకి 5 రెట్లు, ఆపైన ఇంకో 161 తీసేయాలి. నాకు 31 ఏళ్ళు, 52 కిలోలు. 520, 925 కలిపి, 155, 161 తీసేస్తే 1129. మా ఆయన 175 సెంటీమీటర్లు, 76 కిలోలు, 33 ఏళ్ళు. మగవాళ్ళకి ఆ 161 తీసేయడానికి బదులు 5 కలుపుతారు, ఆయనకి 1694 వస్తుంది.

ఇద్దరం కుర్చీలో కూర్చునే ఉద్యోగాలే. దాదాపు కదలనివాళ్ళకి 1.2తో గుణిస్తారు, అప్పుడు నాకు రోజుకి 1355, ఆయనకి 2033. అదే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళు కూర్చుని పని చేసేవాళ్ళకి 1.4 వేస్తారు, అలా చూస్తే నాది 1580 అవుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో కూర్చుని పనిచేసే మహిళకి 1660 అని ఉంటుంది, అయితే ఆ మహిళ బరువు 55 కిలోలనుకుని వేసిన లెక్క అది. ఇలా చూస్తే నా ఒక్కదానికే 1355 నుంచి 1660 దాకా మూడు నాలుగు అంకెలు దొరుకుతాయి. అబద్ధం చెప్పేదేమీ లేదు వీటిలో. రోజులో ఎంత కదులుతామన్న ఊహ మారితే జవాబూ మారుతుంది. సూత్రం కూడా సగటు మనిషికే, మన శరీరం దానికి పది శాతం అటో ఇటో ఉండొచ్చు. నా విషయంలో పది శాతమంటే 110 క్యాలరీలు.

మా ఆయనకీ నాకూ మధ్య 680 క్యాలరీల తేడా ఉంది కదా, కానీ దర్శినిలో, అంటే నిలబడి తినే టిఫిన్ హోటల్లో, కౌంటర్ దగ్గరికి వెళితే ఇద్దరికీ ఒకే సైజు బెణ్ణె మసాలా దోసె వేస్తారు. వెన్న వేసే చేతిని బట్టి 400 నుంచి 500 దాకా ఉంటుంది. 450 అనుకుంటే ఆయన రోజులో ఐదో వంతు, నా రోజులో మూడో వంతు. ఇరవై వేల జీతగాడైనా లక్ష జీతగాడైనా ఆటోకి మినిమం ఛార్జి ఒకటే కట్టినట్టు. ఎత్తు తక్కువైనవాళ్ళ ఇబ్బందంతా దాదాపు ఇదే: శరీరానికి ఏదో లోపం ఉందని కాదు, బడ్జెట్ చిన్నది, ధరలు మాత్రం అందరికీ ఒకటే.

1200 గురించి తిట్టుకునే రెండు పార్టీలు

అమెరికాలో 1918లో ఒక లేడీ డాక్టర్ రాసిన డైటింగ్ పుస్తకంలోనే ఈ 1200 కనిపిస్తుంది. వందేళ్ళు దాటినా అది మనల్ని వదల్లేదు. ఇప్పుడు ఒక పార్టీ "1200 అంటే చిన్నపిల్లల తిండి, ఆకలితో మాడటమే" అంటుంది. ఇంకో పార్టీ "పొట్టివాళ్ళు అంతకంటే ఎక్కువ తింటే అంగుళం కూడా తగ్గరు" అంటుంది.

లెక్క వేసి చూస్తే ఇద్దరూ వేర్వేరు మనుషుల గురించి మాట్లాడుతున్నారు. 168 సెంటీమీటర్లు, 70 కిలోలు, నా వయసే ఉన్న అమ్మాయిని తీసుకుందాం. ఆమె బీఎంఆర్ 1434, కదలని రోజు ఖర్చు 1721. ఆమె 1200 తింటే రోజుకి 520 లోటు, అది గట్టి డైటే. అదే 1200 నేను తింటే లోటు 155. ఆమెకి కరువు, నాకు ఒక పూట టిఫిన్‌లో కోత. యాప్ ఇద్దరికీ ఒకే అంకె ఎందుకు చూపించిందంటే, చాలా యాప్‌లు ఆడవాళ్ళకి 1200 కంటే కిందకి దిగకుండా ఒక అడుగు గీత పెట్టుకుంటాయి. వారానికి అర కిలో తగ్గాలని నొక్కితే రోజుకి దాదాపు 550 లోటు కావాలి, నా 1355లోంచి 550 తీసేస్తే 805 వస్తుంది, అంత తక్కువ చెప్పకూడదు కాబట్టి 1200 దగ్గర ఆపేస్తుంది. అక్కకి వచ్చింది ఆ గీత, ఆడపడుచుకి వచ్చింది లెక్క. చూడ్డానికి రెండూ ఒకటే.

అంటే వారానికి అర కిలో అనే మాట పొట్టివాళ్ళకి మొదటి నుంచీ కుదరని మాట. అందరికీ చెప్పే ఆ స్పీడు మనకి స్పీడు కాదు, యాక్సిడెంటు.

నూనె ప్యాకెట్టు చెప్పిన నిజం

రెండేళ్ళ కిందట నేను మూడు నెలలు ఒక్క పూట వదలకుండా యాప్‌లో రాశాను, 1200 దాటలేదు, ముల్లు కదల్లేదు. థైరాయిడ్ టెస్ట్ చేయించుకున్నా, బాగానే ఉంది. ఆ మాటకొస్తే థైరాయిడ్ తక్కువైనా దాని వల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ చాలా భాగం నీరు, ఉప్పు. అయినా అనుమానం ఉంటే ఆ టెస్ట్ చేయించుకోవడమే నయం, అది వేరే సంగతి.

ఒక రోజు వంటింట్లో కొత్త నూనె ప్యాకెట్ కత్తిరిస్తూ ఆగాను. పోయిన ప్యాకెట్ ఎప్పుడు తెచ్చామా అని డెలివరీ యాప్‌లో చూస్తే సరిగ్గా పన్నెండు రోజులు. ఇంట్లో ఇద్దరమే. లీటరు ప్యాకెట్లో 910 గ్రాముల నూనె ఉంటుంది, పన్నెండుతో భాగించి మళ్ళీ రెండుతో భాగిస్తే మనిషికి రోజుకి 38 గ్రాములు. గ్రాముకి 9 క్యాలరీలు, అంటే 341. నేను యాప్‌లో రాసుకుంటున్నది ఎంతంటే, "నూనె, రెండు టీస్పూన్లు, 90". గిన్నెకి అంటుకున్నది, బాండీలో మిగిలి పారబోసింది కొంత తీసేసినా రోజుకి ఓ 200 పైనే తేడా. నేను చచ్చీచెడీ సంపాదించిన 155 లోటు తిరగమాతలోనే ఆవిరైపోయింది.

అప్పుడు గరిటె పట్టుకుని చూశాను. మా అమ్మ చిత్తూరు నుంచి ఇచ్చి పంపిన తిరగమాత గరిటె, లోతుగా ఉంటుంది. నిండా పోసి వంటింటి తూకం మీద పెడితే 28 గ్రాములు. దాన్నే నేను "ఒక స్పూన్" అని రాస్తున్నా. (అమ్మతో చెబితే "గరిటెది తప్పా, నీది తప్పా" అంది. న్యాయమే.)

ఇందులో నేను గమనించినదేమిటంటే, ఇదే తప్పు మా ఆయన కూడా చేస్తున్నాడు, ఆయన తిండి లెక్కలోనూ అదే నూనె తప్పిపోతోంది. కానీ ఆయన రోజుకి 500 లోటు పెట్టుకున్నాడు కాబట్టి 200 పోయినా 300 మిగిలింది, ఆయన తగ్గాడు. నేను తగ్గలేదు. ఒకే వంటిల్లు, ఒకే గరిటె. "నీకు కంట్రోల్ లేదు" అన్న మాట మాత్రం నాకొచ్చింది.

నూనె తర్వాత వరసలో ఉండేవి మామూలువే. వండిన అన్నం వంద గ్రాములకి 130 క్యాలరీలు, అదే ఉడకని బియ్యం వంద గ్రాములకి దాదాపు 350, ఈ రెండిటినీ కలిపేసి రాసేవాళ్ళు చాలామంది. చక్కెర వేసిన చిన్న గ్లాసు ఫిల్టర్ కాఫీ 80 దాకా, ఆఫీసులో మూడు తాగితే 240. గుప్పెడు వేరుశనగలు 170. ఆవకాయ ముక్కతో పాటు వచ్చే నూనెని ఏ యాప్ కూడా అడగదు.

చెరువు చుట్టూ ఒక గంట

కైకొండ్రహళ్ళి చెరువు దగ్గర పొద్దున్నే మేమిద్దరం కలిసి నడుస్తాం. గంటకి ఐదు కిలోమీటర్ల వేగం. వ్యాయామం ఖర్చుని మెట్ అనే కొలతతో లెక్కిస్తారు, ఊరికే కూర్చుంటే ఒక మెట్, అంటే కిలో బరువుకి గంటకి సుమారు ఒక క్యాలరీ. ఈ నడక మూడున్నర మెట్‌లు. నాకు 52 కిలోలకి 182 క్యాలరీలు, ఆయనకి 76 కిలోలకి 266. కానీ ఆ గంట సోఫాలో కూర్చున్నా నాకు 52 ఎలాగూ అయ్యేవి కదా, అవి రోజు ఖర్చులో ఇప్పటికే ఉన్నాయి. తీసేస్తే నడక వల్ల నాకు నిజంగా కలిసొచ్చింది 130. ఒక మినపవడ అంతే, మా వైపు ఉద్దివడ అంటాం, ఏదైనా అంతే.

నా చేతి వాచీ అదే నడకకి 260 చూపించింది. అది కూర్చున్నప్పటి ఖర్చు కూడా కలిపి చూపిస్తుంది, పైగా అంచనాలోనూ తప్పుతుంది. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు చేతికి కట్టుకునే ఏడు పరికరాలని పరీక్షిస్తే గుండె వేగాన్ని చాలావరకు సరిగానే చూపించాయి కానీ క్యాలరీల్లో అన్నిటికంటే మంచిదే 27 శాతం తప్పింది, అన్నిటికంటే చెత్తది 93 శాతం. వాచీ చెప్పిన 260 తిరిగి తినేస్తే నేను 130 ఎక్కువ తిన్నట్టు.

అడుగుల లెక్కలో కూడా చిన్న తమాషా ఉంది. పదివేల అడుగులు అనేది 1965 ప్రాంతంలో జపాన్‌లో అమ్మిన అడుగుల మీటరు పేరులోంచి వచ్చిన అంకె, వైద్యశాస్త్రం లోంచి కాదు. నా ఎత్తుకి అడుగు 61 సెంటీమీటర్లు పడుతుంది, పదివేలు వేస్తే ఆరు కిలోమీటర్లు. పొడుగాటివాళ్ళకి అదే పదివేలు ఏడు దాటుతుంది. మా ఆఫీసు స్టెప్స్ పోటీలో మాత్రం పొట్టివాళ్ళకే లాభం, ఈ ఒక్కచోట అయినా.

వ్యాయామంతో బరువు తగ్గుతుందా అన్నదానికి శాస్త్రవేత్తల్లోనే రెండు వాదనలున్నాయి. హెర్మన్ పాంట్జర్ బృందం 2012లో టాంజానియాలో వేటాడి బతికే హడ్జా జనాన్ని కొలిస్తే, వాళ్ళు రోజంతా తిరుగుతున్నా శరీర పరిమాణం లెక్కలోకి తీసుకున్నాక మొత్తం ఖర్చు అమెరికాలో కూర్చుని బతికేవాళ్ళతో సమానంగానే తేలింది. దాన్నుంచి ఆయన చెప్పేది, వ్యాయామం పెంచితే శరీరం ఇంకెక్కడో పొదుపు చేసుకుంటుందని. అవతలి వాదన ఏమిటంటే, మామూలు మోతాదు నడక, పరుగు వరకు ఖర్చు చాలావరకు కలుస్తూనే పోతుంది, ఆ పొదుపు ఎక్కువగా కనిపించేది చాలా కష్టపడేవాళ్ళలోనో సరిగ్గా తినని వాళ్ళలోనో అని. తగవు ఇంకా తేలలేదు. రెండిటిలో ఏది నిజమైనా నా 130 మాత్రం 300 అవ్వదు.

బరువులెత్తడం గురించి కూడా ఒక మాట. "కండ పెంచితే కూర్చున్నా క్యాలరీలు కరుగుతాయి" అని జిమ్‌లో చెబుతారు. అబద్ధం కాదు, కానీ విశ్రాంతిలో కిలో కండ రోజుకి ఖర్చు పెట్టేది సుమారు 13 క్యాలరీలు, కిలో కొవ్వు నాలుగున్నర. నాలాంటిది ఏడాది కష్టపడి రెండు కిలోల కండ పెంచితే రోజుకి 26 వస్తాయి, కాఫీలో చక్కెర పాటి. మరి బరువులెందుకంటే, తక్కువ తినేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోకుండా ఆపేది, ఎముకల్ని గట్టిగా ఉంచేది అవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామంతో పాటు రెండు రోజులు కండరాల వ్యాయామం అని విడిగా పెట్టింది కూడా అందుకే, బరువు తగ్గించడానికని కాదు.

తక్కువ తిని, ఎక్కువ పరిగెత్తితే

నిజంగా జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఇదీ. బడ్జెట్ చిన్నదని తెలిశాక చాలామంది రెండు వైపుల నుంచీ కొస్తారు, 1200 తింటూ రోజూ గంట పరుగో జుంబానో.

వ్యాయామానికి పోగా మిగతా శరీరం నడవడానికి ఎంత శక్తి మిగిలింది అన్నది విడిగా కొలుస్తారు. తిన్నదాంట్లోంచి వ్యాయామం ఖర్చు తీసేసి, కొవ్వు కాకుండా మిగిలిన శరీర బరువుతో భాగించాలి. నాకు 30 శాతం కొవ్వు అనుకుంటే మిగిలేది 36.4 కిలోలు. 1200 తిని ఏ వ్యాయామమూ చేయకపోతే కిలోకి 33. అదే 1200 తిని 250 క్యాలరీల పరుగు పెడితే 950 మిగిలి, కిలోకి 26. 2003లో లౌక్స్, థుమా అనే పరిశోధకులు నెలసరి సక్రమంగా ఉన్న అమ్మాయిలని ఐదేసి రోజులు రకరకాల స్థాయుల్లో ఉంచి చూస్తే, 30 కంటే కిందకి దిగాక నెలసరిని నడిపే హార్మోన్ లయ తప్పడం మొదలైంది. తర్వాతి పరిశోధనలు ఆ 30 అనేది గోడ కాదని, మనిషి మనిషికీ మారుతుందని అంటున్నాయి. అయినా దిశ మాత్రం అదే. నెలసరి తప్పడం, జుట్టు ఊడటం, ఎప్పుడూ చలి, ఎముకలు బలహీనపడటం. "పీరియడ్స్ రావట్లేదు, స్ట్రెస్ ఏమో" అని వదిలేసే అమ్మాయిల్ని మా ఆఫీసులోనే ఇద్దర్ని చూశాను, ఇద్దరూ మారథాన్‌కి ప్రాక్టీస్ చేస్తూ డబ్బా సలాడ్ తినేవాళ్ళు.

కాబట్టి 1200 మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకి పొట్టి మనిషి దగ్గర కూడా ఒక్క జవాబు లేదు. కూర్చున్న రోజు అదే అంకె చిన్న లోటు, పరిగెత్తిన రోజు ఆకలి.

పోషకాలకి మాత్రం ఎత్తుతో పని లేదు. మన దేశపు లెక్కల్లో పెద్దవయసు మహిళకి రోజుకి ఐరన్ 29 మిల్లీగ్రాములు, క్యాల్షియం 1000, ఎంత పొట్టిదైనా అంతే. ప్రొటీన్ కిలోకి 0.83 గ్రాములు, అంటే నాకు 43. బరువు తగ్గేటప్పుడు 1.2 గ్రాముల పైన ఉంటే కండ నిలుస్తుందని చాలామంది నిపుణులంటారు, అది 62. మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం పప్పు పెరుగు, రాత్రి రెండు చపాతీలు కూర, ఇలా పీజీ తిండి తింటే 40 దగ్గరే ఆగిపోతుంది. 2000 తినేవాళ్ళకి ఇంకో రెండు గుడ్లు వేసుకోవడం తేలిక. 1300లో వాటికి చోటు కావాలంటే ఇంకేదో లేవాలి, సాధారణంగా అన్నమో నూనెనో.

అసలు తగ్గాలా అన్నది ఇంకో గొడవ

నా బీఎంఐ, అంటే కిలోల బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె, 23.7. పాత ప్రపంచ గీత 25 ప్రకారం నేను మామూలు బరువు, ఆసియావాళ్ళకి పెట్టిన 23 గీత ప్రకారం ఎక్కువ బరువు. నా ఎత్తుకి ఈ రెండు గీతల మధ్య దూరం దాదాపు నాలుగున్నర కిలోలే. మనవాళ్ళకి గీత ఎందుకు కిందకి జరిపారో తెలియాలంటే 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక ఫోటో సంగతి చెప్పాలి. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడ్డారు, ఇద్దరి బీఎంఐ 22.3, కానీ యుడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2. సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు ఉండే శరీరం మనది. అందుకే మనకి బరువు కంటే నడుము కొలత ఎక్కువ చెబుతుందన్న వాదన బలంగా ఉంది, మన ఆడవాళ్ళకి ఆ గీత 80 సెంటీమీటర్లు. తూకంలో బాగానే ఉండి టేపులో దాటేవాళ్ళూ ఉన్నారు, అటు నుంచి ఇటూ ఉన్నారు.

తూకం ముల్లు ఎందుకు నమ్మించదు

కిలో కొవ్వుకి 7700 క్యాలరీలని ఒక పాత లెక్క. శరీరం తగ్గేకొద్దీ దాని ఖర్చూ తగ్గుతుంది కాబట్టి నెలలు గడిచేకొద్దీ ఆ లెక్క అసలు కంటే ఎక్కువ ఆశ చూపిస్తుంది. "మెటబాలిజం ఆగిపోయింది" అనేది మాత్రం అతి. 1944-45లో మిన్నెసోటాలో 36 మంది యువకులని ఆరు నెలలు సగం ఆకలితో ఉంచితే వాళ్ళ ఖర్చు బాగా పడిపోయింది, అయినా పావు వంతు బరువు తగ్గారు. నెమ్మదిస్తుంది, ఆగదు.

మరి ఆగినట్టు ఎందుకు కనిపిస్తుంది? రోజుకి 155 లోటు నిక్కచ్చిగా పాటించానే అనుకుందాం, గరిటెతో సహా. నెలకి 4650, అంటే 600 గ్రాములు. నెలసరికి ముందు నా ఒంట్లో నీరు చేరి కిలో, కిలోంబావు పెరుగుతుంది. మొదటి వారంలో 52.0 చూసి, నాలుగో వారంలో తూకం ఎక్కితే 600 గ్రాముల కొవ్వు పోయి కూడా మిషన్ 52.5 చూపిస్తుంది. అక్క కూడా అక్కడే యాప్ తీసేసింది, సరిగ్గా ఇరవై నాలుగో రోజున. నేను ఇప్పుడు ఈ నెల నెలసరి అయిన మూడో రోజుని వచ్చే నెల మూడో రోజుతోనే పోల్చుకుంటున్నా. జనవరిలో 51.9, ఫిబ్రవరిలో 51.4, మార్చిలో 51.0 వచ్చింది. మధ్యలో ఒక రోజు 53.1 కూడా చూపించింది, ముందు రోజు రాత్రి ఆంధ్రా మెస్‌లో బిర్యానీ.